గర్భసంచి జారినా, మూత్రం ఆగకపోయినా: పెద్దవయసులో ఎవరికి ఏ దారి

ఒక డాక్టరుగారు ఆపరేషన్ చేసేద్దాం అన్నారు. ఇంకొకరు రింగు పెట్టి చూద్దాం అన్నారు. కోడలేమో ఫోన్‌లో చూసి, వ్యాయామాలు చేస్తే చాలత్తయ్యా అంటోంది. డెబ్బైకి దగ్గరపడిన ఆవిడ ఎవరి మాట వినాలి? అసలు ఈ సంగతి ఇంకొకరికి చెప్పుకోవడానికే ఆవిడకి కొన్నేళ్లు పట్టి ఉంటుంది. నిజానికి ముగ్గురూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. ఎవరు ఏ బాధని మనసులో పెట్టుకుని చెప్పారన్నదే తేడా.

ఇక్కడ బాధలు రెండు. మొదటిది జారడం. కింద బరువుగా ఉండటం, సాయంత్రమయ్యేసరికి ఏదో గడ్డ బయటికి వస్తున్నట్టు తగలడం, పడుకుంటే లోపలికి పోవడం. రెండోది పరుగు. మూత్రం వస్తోందని తెలిసిన మరుక్షణమే పరుగెత్తాలి, లేకపోతే చీర తడుస్తుంది. కొంగు బిగించుకుని, చెప్పులు వేసుకునే తీరిక కూడా లేకుండా బాత్రూంకి పరుగు. ముట్టు ఆగిపోయి చాలా ఏళ్లయిన ఆడవాళ్లలో ఈ రెండూ కలిసి ఉండటం మామూలే. కానీ ఒకదానివల్లే రెండోది వచ్చిందని అనుకోకూడదు.

కొంత సంబంధం ఉన్నమాట నిజమే. యోని ముందుగోడతో పాటు మూత్రాశయం కిందికి దిగితే మూత్రం పూర్తిగా బయటికి పోదు. అడుగున మిగిలిపోయినదాని వల్ల అరగంటకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. కొందరు గడ్డను వేలితో పైకి నెట్టుకుంటే తప్ప మూత్రం రాదు. ఇలాంటివాళ్లకి జారినదాన్ని పైకి నిలబెడితే పరుగు కూడా తగ్గే అవకాశం ఎక్కువ. కానీ మూత్రాశయం కండరమే వేళకాని వేళ ముడుచుకుంటున్నా, షుగర్ అదుపులో లేకపోయినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, కింది చర్మం ఎండిపోయి పలచబడినా పరుగు ఉంటుంది. వాటికి జారడంతో పనిలేదు. అందుకే "ఆపరేషన్ చేస్తే రెండూ పోతాయి" అన్న మాట వినగానే తల ఊపకండి. చాలామందికి పరుగు తగ్గుతుంది, కొందరికి అలాగే ఉంటుంది, కొద్దిమందికి ఆపరేషన్ తర్వాతే కొత్తగా మొదలవుతుంది.

కాబట్టి మొదట వేసుకోవాల్సిన ప్రశ్న: ఈ రెండింటిలో ఒక్కటే తగ్గుతుందంటే ఏది తగ్గాలని కోరుకుంటారు? దాన్నిబట్టే దారి మారిపోతుంది.

ఏ దారైనా పట్టేముందు

యూరిన్ టెస్టు, అవసరమైతే కల్చర్ (మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష). షుగర్. మూత్రం పోసి వచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడటం. ఈ మూడూ లేకుండా పరుగుకి మాత్రలు రాస్తే, అడిగి మరీ చేయించుకోండి. లోపల ఎక్కువ మిగిలిపోతున్నవాళ్లకి కొన్ని మాత్రలు మూత్రం పూర్తిగా ఆగిపోయేలా చేయగలవు.

వేసుకునే మందుల చీటీ మొత్తం తీసుకెళ్లండి. షుగర్‌కి ఈ మధ్య బాగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి షుగర్‌ని మూత్రంలోంచే బయటికి పంపుతాయి కాబట్టి మూత్రం ఎక్కువ అవుతుంది. బీపీకి, కాళ్ల వాపుకి ఇచ్చే నీరు తగ్గించే మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రంతా జాగారమే. బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయి, పడుకోగానే ఆ నీరంతా మూత్రంగా దిగుతుంది. వీటిలో ఏదీ సొంతంగా మానేయొద్దు. వేళ మార్చొచ్చా, మందు మార్చొచ్చా అని అడగండి, అంతే.

అన్నిటికన్నా పనికొచ్చేది, ఎవరూ చేయనిది, మూడు రోజుల లెక్క. ఒక పాత ప్లాస్టిక్ కొలత మగ్గు బాత్రూంలో పెట్టి, పక్కన నోట్‌బుక్ ఉంచండి. టైము, ఎంత పోశారు, పరుగెత్తాల్సి వచ్చిందా, తడిసిందా, ఏం తాగారు. రాయడం రానివాళ్లకి మనవరాలో మనవడో రాసిపెడతారు. ఈ కాగితం చూస్తే సగం కథ తెలిసిపోతుంది. రోజుకి పద్నాలుగు సార్లు, ప్రతిసారీ వంద మిల్లీలీటర్లే అయితే మూత్రాశయం తొందరపడుతోందని అర్థం. పగలంతా బాగానే ఉండి, రాత్రి మూడుసార్లు లేచి ప్రతిసారీ నాలుగు వందలు పోస్తుంటే తప్పు మూత్రాశయానిది కాదు. రాత్రిపూట ఒంట్లో మూత్రం ఎక్కువ తయారవుతోంది. పరుగుకి ఇచ్చే మాత్ర ఈ రెండోవాళ్లకి పెద్దగా పనిచేయదు. కాళ్ల వాపు, గుండె, సాయంత్రం టీలు, మాత్రల వేళలు చూసుకోవాలి.

వ్యాయామమా, రింగా, ఆపరేషనా

జారడం విషయంలో నా అభిప్రాయం ఇది. గడ్డ ఇంకా లోపలే ఉంటే వ్యాయామం. బయటికి వచ్చేస్తుంటే రింగు. రింగు నిలవకపోయినా, వద్దనుకున్నా ఆపరేషన్. ఇది ప్రాణం మీదికొచ్చే జబ్బు కాదు కాబట్టి, వెనక్కి తీసుకోగలిగిన దారులు ముందు చూడటంలో నష్టం లేదు. కొన్ని మినహాయింపులున్నాయి, అవి చివర్లో చెప్తాను.

వ్యాయామం గురించి మనవాళ్లలో రెండు అతులు కనిపిస్తాయి. ఒకటి, దానివల్ల ఏమవుతుందిలే అని కొట్టిపారేయడం. రెండు, పూర్తిగా బయటికి వచ్చేసిన గర్భసంచి కూడా కీగల్స్‌తో, అంటే కింది కండరాలు బిగించే ఈ వ్యాయామంతోనే, పైకి పోతుందని చెప్పే వీడియోలు. రెండూ నిజం కాదు. డాక్టరు చీటీలో స్టేజ్ 1 గానీ 2 గానీ (జారడం ఇంకా తక్కువగానే ఉందని) రాసి ఉంటే, కనీసం 16 వారాలు నేర్పేవాళ్ల దగ్గర చేయమని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకం చెబుతోంది. "నేర్పేవాళ్ల దగ్గర" అన్నదే అసలు కీలకం. చాలామంది బిగించమంటే పొట్ట బిగిస్తారు, పిర్రలు బిగిస్తారు, ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతారు. ముక్కితే ఉన్నది ఇంకా దిగుతుంది. నలుగురిలో గ్యాస్ రాకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరం లోపలికి, పైకి లాగుతుందో అదే బిగించాలి. ఎనిమిది, పది సెకన్లు పట్టి ఉంచి, అంతసేపు వదలాలి. ఇలా ఎనిమిది సార్లు చొప్పున రోజుకి మూడు పూటలు. మొదట్లో మూడు సెకన్లు కూడా నిలవకపోతే కంగారు పడొద్దు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చూసే పద్ధతి రోజూ చేయకండి, అది మూత్రాశయానికి మంచిది కాదు.

వ్యాయామంలో ఉన్న లాభం, అది పరుగుకి కూడా పనికొస్తుంది. నష్టం, మానేస్తే ఫలితమూ పోతుంది.

దీనితో పాటే మలబద్ధకం. రోజూ ముక్కుతూ ఉన్నవాళ్లకి ఏ వ్యాయామమూ, ఏ ఆపరేషనూ ఎక్కువకాలం నిలవదు. పీచు, నీళ్లు, అవసరమైతే ఇసబ్‌గోల్. నీళ్ల బిందెలు, ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాలు ఎత్తడం ఇంకొకరికి అప్పగించండి. పాత దగ్గు ఉంటే దాన్నీ చూపించుకోవాలి.

ఇక రింగు. జారినదాన్ని పైకి నిలబెట్టడానికి యోనిలో పెట్టేది, డాక్టర్లు పెస్సరీ అంటారు. మన దగ్గర దీనికి రావాల్సినంత పేరు రాలేదు. "ముసలివాళ్లకి, ఆపరేషన్‌కి పనికిరానివాళ్లకి" అన్న ముద్ర పడిపోయింది. ఆ ముద్ర సరైంది కాదు. మా పెద్దమ్మకి రింగు పెట్టించినప్పుడు పక్కనే ఉన్నాను. లోపల పరీక్ష చేసి కొలత చూసి, వంచితే వంగే సిలికాన్ రింగుని జెల్లీ రాసి లోపలికి పంపడానికి నిమిషం కూడా పట్టలేదు. అసలు పరీక్ష తర్వాత మొదలైంది. వరండాలో నడవమన్నారు, మెట్లు ఎక్కి దిగమన్నారు, గొంతుకూర్చోమన్నారు, దగ్గమన్నారు, బాత్రూంకి వెళ్లి మూత్రం పోసి రమ్మన్నారు. గొంతుకూర్చున్నప్పుడు మొదటి రింగు జారి బయటికొచ్చింది. ఒక సైజు పెద్దది పెట్టారు. "ఉన్నట్టే తెలియట్లేదే" అంది పెద్దమ్మ. సరైన సైజుకి గుర్తు అదే. నొప్పి పెట్టినా, మూత్రం రాకపోయినా సైజు పెద్దదైనట్టు. రింగు పెట్టి మూత్రం పోయించకుండానే ఇంటికి పంపేస్తే ఊరుకోవద్దు.

రింగు ఎవరికి నప్పదు? బాగా వెడల్పైపోయిన ద్వారం ఉన్నవాళ్లకి నిలవకపోవచ్చు. అప్పుడు గెల్‌హార్న్ లాంటి వేరే ఆకారాలున్నాయి. అవి అన్నిచోట్లా దొరకవు, తీసి పెట్టుకోవడమూ కష్టం. మామూలు రింగుని చేతులు సహకరించేవాళ్లు వారానికోసారి తామే తీసి, కడిగి, పెట్టుకోవచ్చు. తామే చూసుకునే ఆడవాళ్లకి ఆసుపత్రిలో మార్పించుకునేవాళ్లకన్నా ఇబ్బందులేమీ ఎక్కువ రాలేదని 2023లో బ్రిటన్‌లో వచ్చిన టాప్సీ అధ్యయనంలో తేలింది. అలా చేసుకోలేనివాళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. కొంచెం తెల్లబట్ట అవుతుంది. వాసన, రక్తం కనిపిస్తే మాత్రం తీయించి చూపించుకోవాలి. రింగుతో ఉన్న అసలు ప్రమాదం మరిచిపోవడం. పెట్టించుకుని రెండు మూడేళ్లు ఎవరికీ చెప్పకుండా ఉండిపోతే అది గోడని కోసుకుంటూ మూత్రాశయంలోకో, మలాశయంలోకో రంధ్రం చేయగలదు. మతిమరుపు ఉన్న అమ్మకి రింగు పెట్టిస్తే, తేదీ గుర్తుపెట్టుకోవాల్సింది పిల్లలే. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఆపరేషన్‌తో పోలిస్తే ఎలా? 2022లో నెదర్లాండ్స్ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. 440 మంది ఆడవాళ్లలో సగం మందికి రింగు, సగం మందికి ఆపరేషన్. రెండేళ్లకి బాగుందన్నవాళ్లు రింగు గుంపులో 76 శాతం, ఆపరేషన్ గుంపులో 82 శాతం దాకా ఉన్నారు. పైకి తేడా చిన్నదే. కానీ రింగుతో మొదలుపెట్టినవాళ్లలో సగానికి పైగా ఆ రెండేళ్లలో ఆపరేషన్‌కి మారారు. దీన్ని రింగు ఓటమిగా చూడొచ్చు, దాదాపు సగం మంది కత్తి పడకుండా బయటపడ్డారనీ చూడొచ్చు. ఎనభై దాటిన, గుండెజబ్బున్న ఆవిడకి రెండోదే ముఖ్యం. అరవై రెండేళ్లకి పొలం పనికి వెళ్లే ఆవిడకి మొదటిది.

ఆపరేషన్ అంటే ఒకటి కాదు

"గర్భసంచి తీసేస్తే సరిపోతుంది" అన్నది మన రెండు రాష్ట్రాల్లో పాతుకుపోయిన మాట. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఆ వయసులో తీయించుకున్నవాళ్లే ఇప్పుడు ఒక్కొక్కరుగా అరవైల్లోకి వస్తున్నారు. "గర్భసంచే లేదు కదా, ఇంకేం జారుతుంది?" అని వాళ్ల ఆశ్చర్యం. జారుతుంది. గర్భసంచి ఉన్నచోట కుట్టేసిన యోని పైభాగం దిగొచ్చు, ముందునుంచి మూత్రాశయం, వెనకనుంచి మలాశయం దిగొచ్చు. జారడానికి కారణం వాటిని పట్టి ఉంచే కండరాలు, బంధనాలు వదులవడం. తీసేసినంత మాత్రాన వదులైనవి బిగుసుకోవు.

కాబట్టి ఆపరేషన్ చెప్పిన డాక్టరుగారిని అడగాల్సింది "తీస్తారా లేదా" అని కాదు, "పైభాగాన్ని దేనికి కట్టి నిలబెడతారు" అని. కిందినుంచే చేసే పద్ధతిలో గర్భసంచి తీసి, ముందు వెనక గోడలు బిగించి, పైభాగాన్ని లోపలి గట్టి బంధనానికి కుట్టొచ్చు. పొట్టమీద కోత ఉండదు, వెన్నుకి మత్తిచ్చి చేస్తారు. పెద్దవయసువాళ్లకి ఎక్కువగా ఇదే. ల్యాప్రోస్కోపీతో పొట్టలోంచి మెష్ (సన్నటి ప్లాస్టిక్ వల) వేసి వెనక ఎముకకి కట్టే పద్ధతి గట్టిగా నిలుస్తుంది. కానీ పూర్తి మత్తు, ఎక్కువ సమయం, చేయి తిరిగిన సర్జన్ కావాలి.

మెష్ అనగానే భయపడేవాళ్లున్నారు. ఆ భయానికి ఆధారం ఉంది. జారినందుకు యోనిలోంచి పెట్టే మెష్‌లను అమ్మడం ఆపమని అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో కంపెనీలను ఆదేశించింది. అయితే ఆ ఆదేశం పొట్టలోంచి పెట్టే మెష్‌కి వర్తించదు. "మెష్ వేస్తాం" అంటే ఎక్కడినుంచి వేస్తారో అడగండి.

ఇంకో ఆపరేషన్ ఉంది, మన దగ్గర ఎవరూ పేరెత్తనిది. యోని ముందు వెనక గోడలు కలిపి కుట్టి, దారినే చాలావరకు మూసేయడం. కాల్పోక్లైసిస్ అంటారు. చిన్న ఆపరేషన్, త్వరగా కోలుకుంటారు, మళ్లీ జారడం చాలా అరుదు. కానీ తర్వాత భార్యాభర్తల కలయిక ఇక ఉండదు. గర్భసంచి ఉంచి మూసేస్తే తర్వాత దాన్ని పరీక్షించడం కష్టం కాబట్టి ముందే స్కాన్, పాప్ టెస్ట్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష) చేయించాలి. ఎనభైల్లో, ఒంటరిగా ఉంటూ, గడ్డ రాసుకుని పుళ్లు పడుతున్న ఆవిడకి నేనైతే ముందు దీని గురించే అడగమంటాను. ఒక్క షరతు: ఈ నిర్ణయం కొడుకులు తీసుకునేది కాదు. ఆవిడని ఒంటరిగా కూర్చోబెట్టి, అర్థమయ్యేలా చెప్పి అడగాలి. పెద్దవయసులో ఆ ఊసే ఉండదని మనమే అనేసుకోకూడదు.

ఏ ఆపరేషన్‌కైనా ముందు ఒక చిన్న పరీక్ష అడగండి. గడ్డని పైకి నెట్టి పట్టుకుని దగ్గించి చూడటం. దిగిన మూత్రాశయం మూత్రనాళాన్ని మడిచి పెట్టడంవల్ల కొందరికి ఇన్నాళ్లూ లీకు అవ్వదు. సరిచేయగానే దగ్గినా తుమ్మినా పడుతుంది. ముందే తెలిస్తే దానికేం చేయాలో అప్పుడే మాట్లాడుకోవచ్చు, తర్వాత "ఆపరేషన్ చేయించుకున్నాకే లీకు మొదలైంది" అని బాధపడక్కర్లేదు.

పరుగుకి

ఇక్కడ నీళ్లు తగ్గించేయడం మనవాళ్ల మొదటి వైద్యం. పెళ్లికి వెళ్లాలంటే పొద్దున్నుంచీ గుక్క నీళ్లు తాగరు. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, మలబద్ధకం వస్తుంది. గుండె, కిడ్నీ డాక్టరు తగ్గించమనకపోతే రోజుకి లీటరున్నర తగ్గకుండా తాగండి. తగ్గించాల్సింది టీ, కాఫీలు. సాయంత్రం ఆరు తర్వాత తాగేదేదైనా కాస్త తగ్గించండి.

తర్వాత మూత్రాశయానికి ఓర్పు నేర్పడం. తోసుకొచ్చినప్పుడు పరుగెత్తకండి. ఉన్నచోటే నిలబడి లేదా కూర్చుని, ఇందాకటి కండరాన్ని గబగబా ఐదారుసార్లు బిగించండి. ఉధృతి కాస్త తగ్గాక నడిచి వెళ్లండి. గంటకోసారి వెళ్లేవాళ్లు గంటంపావుకి, తర్వాత గంటన్నరకి, వారం వారం పెంచుకుంటూ పోవాలి. కనీసం ఆరు వారాలు చేయాలి. విసుగు పుడుతుంది, కానీ దీనికి సైడ్ ఎఫెక్టులు లేవు.

ఎండిపోయినట్టు, మంటగా ఉంటే యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ మంచి తోడు. రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. రింగు ఉన్నవాళ్లకీ, ఆపరేషన్‌కి ముందూ ఇస్తారు. ఇది జారినదాన్ని పైకి ఎత్తదు, పరుగునీ, మాటిమాటికీ వచ్చే ఇన్‌ఫెక్షన్లనీ కొంత తగ్గిస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ఆ డాక్టరుని అడక్కుండా వాడొద్దు.

మాత్రల దగ్గర మాత్రం వయసు లెక్కలోకి వస్తుంది. ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనసిన్ ఒక జాతి. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. పెద్దవాళ్లలో తికమక, మతిమరుపు పెరగొచ్చు. ముఖ్యంగా ఆక్సీబ్యుటినిన్‌ని డెబ్బై దాటినవాళ్లకి రాస్తే వేరేది లేదా అని తప్పక అడగండి. ఒకరకం గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు వీటిని వాడకూడదు. జ్ఞాపకశక్తికి డోనెపెజిల్ వేసుకుంటున్న ఆవిడకి ఈ మాత్ర ఇస్తే రెండూ ఒకదానికొకటి అడ్డు. మిరాబెగ్రాన్ వేరే జాతి, నోరు ఎండదు, తికమక పెట్టదు. కానీ బీపీ పెంచగలదు. బీపీ 180/110 దాటి అదుపులో లేనివాళ్లకి ఇవ్వరు. పెద్దవయసువాళ్లకి బీపీ చూసుకుంటూ దీనితోనే మొదలుపెట్టడం నయమని నా అభిప్రాయం. ఏ మాత్రైనా వేసిన వారానికే పనిచేయట్లేదని మానకండి, నెల చూడాలి.

అవీ పనిచేయకపోతే మూత్రాశయంలో కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్. చాలామందికి ఆరేడు నెలలు హాయిగా ఉంటుంది. కానీ కొద్దిమందికి మూత్రం రాక కొన్నాళ్లు పైపు పెట్టుకోవాల్సి వస్తుంది. చేతులు వణికే, చూపు తగ్గిన ఆవిడకి ఆ పైపు ఎవరు పెడతారో ముందే ఆలోచించుకోవాలి. చీలమండ దగ్గర నరానికి సన్నటి సూదితో కరెంటిచ్చే పద్ధతి కూడా ఉంది. వారానికోసారి అరగంట చొప్పున 12 వారాలు. ప్రమాదం తక్కువ, కాకపోతే ఊళ్లో ఉన్నవాళ్లకి అన్నిసార్లు సిటీకి తిరగడమే పెద్ద పరీక్ష.

ఈలోగా మంచం పక్కన కమోడ్ కుర్చీ, దారిలో చిన్న లైటు, జారని పాదరక్షలు ఉంచండి. రాత్రి పరుగులో పడి తుంటి విరిగితే ఆ కష్టం ముందు ఈ రెండు బాధలూ దిగదుడుపే. ప్యాడ్ కట్టుకోవడంలో తప్పేమీ లేదు, కానీ బాధ చెప్పకుండా దాచుకోవడానికి దాన్ని వాడొద్దు.

మినహాయింపులు

గడ్డ పూర్తిగా బయటే ఉండిపోయి నెలలు గడిచినవాళ్లు ఆలోచిస్తూ కూర్చోకూడదు. కిడ్నీలనుంచి మూత్రాశయానికి వచ్చే నాళాలు మెలిపడి కిడ్నీలు ఉబ్బొచ్చు, ఒక స్కాన్ చేయించాలి. రాపిడికి పుండు పడితే ముందు దాన్ని మాన్పాలి. మన ఆసుపత్రుల్లో ఆక్రిఫ్లావిన్ గ్లిజరిన్ అనే మందుతో తడిపిన గాజుగుడ్డ లోపల పెట్టి, గడ్డని పైకి నిలబెట్టి మాన్పుతారు. మానాకే ఆపరేషన్. మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి.

మూత్రంలో రక్తం, ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే ఒక్కసారే కదా అని ఊరుకోవద్దు, ఆ వారంలోనే చూపించుకోవాలి. చలిజ్వరంతో మంట ఉన్నా, పొట్ట ఉబ్బి చుక్క మూత్రం రాకపోయినా, కాళ్లలో కొత్తగా బలం తగ్గి మూత్రం తెలియకుండా పోతున్నా, తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.